బి. జయశ్రీ గారి నాటకాల రికార్డింగులు ఎక్కడ దొరుకుతాయి?

నమస్కారమండీ. కన్నడ రంగస్థల నటి బి. జయశ్రీ గారి గురించి మా కాలేజీ నాటక బృందానికి చెప్పాలనుకుంటున్నాను. కన్నడ నాటకరంగ ప్రముఖులు గుబ్బి వీరణ్ణ గారి మనవరాలు, 1973లో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా పట్టా, తర్వాత సొంత బృందం ‘స్పందన’, 1996లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 2013లో పద్మశ్రీ. ఇవన్నీ రాసుకున్నాను. కానీ అవార్డులు చదివి వినిపిస్తే పిల్లలకు ఆవిడ గొంతు ఎలా తెలుస్తుంది? స్టేజీ మీద పాడుతూ నటించడంలోనే కదా ఆవిడ గొప్పతనమంతా!

ఆవిడ నాటకం ‘లక్షాపతి రాజన కథె’ వీడియో గానీ, కనీసం పాటల ఆడియో గానీ ఎక్కడ దొరుకుతుందో చెప్పగలరా? బెంగళూరులో ఆ నాటకం చూసినవాళ్లుంటే ఏ సన్నివేశం చూపించాలో కూడా చెప్పండి. కన్నడ రాని పిల్లలకు ముందుగా కథ ఎంతవరకు చెప్పాలి?