బ్యాడ్మింటన్ హార్స్ ట్రయల్స్‌లో షాపింగ్: టికెట్ పెట్టి మరీ వెళ్లి కొనాలా?

పోనీ_నాన్న:
అందరికీ నమస్తే. మేముండేది ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో. మా అమ్మాయి పోనీ క్లబ్‌లో (పిల్లలకి గుర్రపు స్వారీ నేర్పే సంఘం) చేరినప్పటి నుంచి మే నెలలో బ్యాడ్మింటన్‌కి తీసుకెళ్లమని ఒకటే పోరు. (షటిల్ ఆట కాదండోయ్, గ్లాస్టర్‌షైర్‌లో జరిగే గుర్రాల పోటీ.) తనకి పొడుగు బూట్లు, కొత్త హెల్మెట్ కావాలట. మా ఆవిడకి వానకోటు మీద కన్ను. క్లబ్‌లో తోటి తల్లిదండ్రులేమో "అక్కడే కొనండి, వందల స్టాళ్లుంటాయి, షో ఆఫర్లుంటాయి" అని ఊదరగొడుతున్నారు.

నాకు మింగుడుపడనిది ఒక్కటే. ముందు గేటు దాటాలంటే తలకింత టికెట్. అరీనాలో రిజర్వ్ సీటు కావాలంటే అది వేరు. పెట్రోలు, తిండి మన నెత్తినే. ఇంతా చేసి లోపలికెళ్తే మళ్లీ పర్సు తీయాలి. ఎదురు డబ్బిచ్చి దుకాణంలోకి అడుగుపెట్టడమేంటి? నాకైతే అది గుర్రాల్ని అడ్డం పెట్టుకుని నడిపే సంతలా కనిపిస్తోంది. కాదనేవాళ్లుంటే చెప్పండి, వింటాను.

లెక్కల_పంతులు:
మీరన్నదానికి అంకెలు నేనేస్తాను. టికెట్ ధర రోజును బట్టి మారుతుంది. క్రాస్ కంట్రీ (బయట పొలాల్లో గుర్రాలు అడ్డాలు దూకుతూ పరుగెత్తే పోటీ) రోజు, అంటే మామూలుగా శనివారం, అన్నిటికన్నా ఎక్కువ. లెక్క కోసం మనిషికి 40 పౌండ్లు అనుకుందాం. ఇద్దరు పెద్దవాళ్లకి 80. పెట్రోలు, టీ, తిండి కలిపి ఇంకో 40 వేయండి. గేటు దాటేసరికి 120.

స్టాల్‌లో 10 శాతం తగ్గింపు ఇచ్చారనుకోండి. ఆ 120 వెనక్కి రావాలంటే 1200 పౌండ్ల సరుకు కొనాలి. 20 శాతం ఇచ్చినా 600 కొనాలి. పైగా చాలా కంపెనీలు అదే వారంలో అదే ఆఫర్‌ని వెబ్‌సైట్‌లో కూడా పెడతాయి. మీ అమ్మాయి బూట్లు, హెల్మెట్, మీ ఆవిడ కోటు కలిపినా ఆ మొత్తం దాకా వస్తుందా? వస్తే మాత్రం మీ సమస్య టికెట్ కాదు.

రికాబు_రాణి:
పంతులుగారూ, మీ గుణకారంలో తప్పు లేదు గానీ లెక్క మొదలుపెట్టిన చోటే తేడా. బూట్లని ఫోన్‌లో చూసి కొంటారా ఎవరైనా? తోలు పొడుగు బూట్లకి పాదం సైజు ఒక్కటే చాలదు. పిక్క చుట్టుకొలత కావాలి, మోకాలి దాకా ఎత్తు కావాలి. కొత్త తోలు వాడేకొద్దీ చీలమండ దగ్గర మడతపడి కిందికి దిగుతుంది కాబట్టి కొన్నరోజు మోకాలి వెనక కాస్త గుచ్చుకునేంత ఎత్తే తీసుకోవాలి. ఒక్కో కంపెనీ కొలత ఒక్కో రకం. పది కంపెనీల బూట్లు ఒకేచోట వేసి చూసుకునే అవకాశం మామూలు రోజుల్లో ఎక్కడుంది? నాలుగు ఊళ్లు తిరిగితే ఆ పెట్రోలు ఎవరి ఖాతాలో వేస్తారు?

హెల్మెట్ కూడా అంతే. తల గుండ్రంగా ఉందా, కోలగా ఉందా అన్నదాన్ని బట్టి ఒక కంపెనీది సరిపోతుంది, ఇంకో కంపెనీది నొక్కుతుంది. కొలిచి పెట్టడం తెలిసినవాళ్లు చూడాలి.

ఇంకో మాట, పోనీ నాన్నగారూ. ఎదిగే పిల్లకి తోలు పొడుగు బూట్లు అసలు వద్దు. ఆర్నెల్లు తిరిగేసరికి పట్టవు. చీలమండ దాకా వచ్చే పొట్టి జోధ్‌పూర్ బూట్లు, పైన పిక్కలకి తొడిగే హాఫ్ చాప్స్ చాలు. అదీ ఇదీ కలిపినా పొడుగు బూట్ల ధరలో కొంతే అవుతుంది. బ్యాడ్మింటన్‌కి వెళ్లినా వెళ్లకపోయినా ఈ డబ్బు మీకు మిగిలినట్టే.

స్టాండ్_వెనక:
నేను గుర్రపు సామాను అమ్మేవాళ్ల తరఫున ఇలాంటి షోల్లో స్టాండ్ మీద నిలబడుతుంటాను. ఎవరి తరఫునో చెప్పను. సంత అంటున్నారు కాబట్టి అవతలి వైపు కూడా వినండి.

స్టాండ్‌కి అద్దె కట్టాలి. ముందు వరసలో, దారి మూలమీద కావాలంటే ఇంకా ఎక్కువ. గుడారం, కరెంటు, నేల మీద చెక్కలు, వ్యాన్లు, పనివాళ్లకి బస. ఆ వారంలో చుట్టుపక్కల గదుల రేట్లు ఎలా ఉంటాయో బుక్ చేసినవాళ్లకే తెలుస్తుంది. వాన పడిందంటే జనం గుడారంలోకి వస్తారు, కానీ తలదాచుకోవడానికి, కొనడానికి కాదు. ఇవన్నీ భరించి మామూలు ధరకన్నా బాగా తక్కువకి ఇవ్వడం చిన్న వ్యాపారికి కుదరదు.

నిజంగా తక్కువకి దొరికేవి రెండే రకాలు. ఒకటి, సీజన్ అయిపోయిన సరుకు. బ్యాడ్మింటన్ మే నెలలో కాబట్టి గుర్రాలకి కప్పే చలికాలపు రగ్గులు, దళసరి జాకెట్లు వదిలించుకోవాలని చూస్తాం. సెప్టెంబరు మొదట్లో ఇలాంటిదే ఇంకో పోటీ, బర్లీకి వెళ్తే అవే రగ్గులు కొత్త రంగుల్లో, పూర్తి ధరకి ఉంటాయి. రెండోది, ఆదివారం మధ్యాహ్నం సరుకు. వ్యాన్‌లోకి తిరిగి ఎక్కించడానికి బద్ధకించేవి అడిగితే తగ్గుతాయి. అయితే అప్పటికి మీ సైజు ఉంటుందని చెప్పలేను.

ఇంకొకటి కూడా చెప్పి తీరాలి. మా దగ్గర అరగంట కూర్చుని నాలుగు జతలు వేసుకుని, కొలతలు రాయించుకుని, మా ముందే ఫోన్‌లో వేరేచోట ఆర్డర్ పెట్టేవాళ్లున్నారు. మనవాళ్లు కూడా.

లెక్కల_పంతులు:
> మనవాళ్లు కూడా.

ఆ నాలుగు జతలు చూడటానికి కూడా వాళ్లు టికెట్ డబ్బు కట్టే వచ్చారు కదండీ. ఆ డబ్బు మీకు రాదు, నిర్వాహకులకి వెళ్తుంది. మీరు స్టాండ్ అద్దె కట్టేదీ వాళ్లకే. కొనేవాడి దగ్గరా, అమ్మేవాడి దగ్గరా వసూలు చేసేది ఒకరే. పోనీ నాన్నగారు సంత అన్నది ఇందుకే అనుకుంటా.

చట్టం_చిట్టి:
ధరల గొడవలో ఎవరూ పట్టించుకోనిది ఒకటుంది. వాపసు.

ఆన్‌లైన్‌లో కొంటే 2013 నాటి వినియోగదారుల ఒప్పందాల నిబంధనల ప్రకారం సరుకు చేతికి అందాక 14 రోజుల్లోపు, నచ్చలేదన్న ఒక్క కారణంతో కూడా వద్దనొచ్చు. (మీ కొలతలకి ప్రత్యేకంగా కుట్టించినవాటికి ఇది వర్తించదు.) స్టాండ్ దగ్గర నిలబడి కొంటే అది సాధారణంగా దుకాణంలో కొన్నట్టే లెక్క. సరుకులో లోపం లేకపోతే వెనక్కి తీసుకోవాలా వద్దా అన్నది వ్యాపారి ఇష్టం. రసీదు వెనక ఏం రాసుందో కొనకముందే చూడండి.

లోపం ఉంటే మాత్రం ఎక్కడ కొన్నా 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ఉంది. 30 రోజుల్లోపు తిరస్కరించి మొత్తం డబ్బు అడగొచ్చు. ఇక్కడే చిక్కు: ఆ వ్యాపారి ఏ స్కాట్లాండ్ నుంచో, ఐర్లాండ్ నుంచో వచ్చి సోమవారానికల్లా గుడారం పీక్కుని వెళ్లిపోతాడు. అందుకని ఒక్కో వస్తువు 100 పౌండ్లు దాటితే క్రెడిట్ కార్డు మీదే కొనండి. 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్ ప్రకారం వ్యాపారితో పాటు కార్డు కంపెనీ కూడా బాధ్యత వహించాలి. డెబిట్ కార్డుకీ, నగదుకీ ఆ రక్ష లేదు.

పోనీ_నాన్న:
చిట్టిగారూ, భలే చెప్పారు. మరి ఆ సమయానికి మా అత్తగారు, మామగారు విజయవాడ నుంచి వస్తున్నారు. వాళ్ల పాస్‌పోర్ట్ మీద కొంటే ఎయిర్‌పోర్టులో వ్యాట్ వెనక్కి ఇస్తారు కదా? ఆ 20 శాతం కలిస్తే పంతులుగారి లెక్క తారుమారవుతుంది!

చట్టం_చిట్టి:
అవదు. ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లాండ్‌లలో పర్యాటకులకి వ్యాట్ వాపసు ఇచ్చే పద్ధతిని 2021 జనవరి 1 నుంచి ఎత్తేశారు. ఉత్తర ఐర్లాండ్‌లో మాత్రం ఉంది. పైగా 20 శాతం అంటే ధరలో 20 శాతం కాదు. 120 పౌండ్ల కోటులో వ్యాట్ 20 పౌండ్లు, అంటే ధరలో ఆరో వంతు.

మీకు పనికొచ్చే మాట ఇంకోటి చెప్తాను. పిల్లల కొలతల్లో ఉండే బట్టలు, బూట్ల మీద వ్యాట్ సున్నా. స్వారీ హెల్మెట్ కూడా పిల్లల సైజైతే అంతే. మీ అమ్మాయి తల ఆ సైజు దాటకముందే కొనేయండి :)

రికాబు_రాణి:
హెల్మెట్ విషయంలో డబ్బు చూసుకోవద్దు దయచేసి. వాడినది అస్సలు వద్దు, ఒకసారి గట్టిగా దెబ్బ తగిలితే లోపలి ఫోమ్ అణిగిపోయినా పైకి కనపడదు. పోనీ క్లబ్ వాళ్లు ఏ భద్రతా ప్రమాణాలు ఒప్పుకుంటారో వాళ్ల నిబంధనల్లో చూసి, లోపలి లేబుల్ మీద అదే ఉందో లేదో సరిచూసుకుని కొనండి. లేకపోతే వాళ్లు హెల్మెట్‌కి ఆమోదం ట్యాగ్ వెయ్యరు, కొన్నదంతా వృథా.

జీను గురించి అడగలేదు కానీ ఎవరైనా చదువుతుంటారు కాబట్టి చెప్తున్నా. షోలో జీను కొనకండి. జీను సరిపోవాల్సింది గుర్రం వీపుకి. ఆ గుర్రం అక్కడ ఉండదు. జీను అమర్చడంలో శిక్షణ ఉన్నవాళ్లు గుర్రపుశాలకే వచ్చి చూస్తారు, ఆ ఖర్చు దండగ కాదు.

పాతకాపు:
ఇంతసేపటి నుంచి చదువుతున్నా. బూట్లు, వ్యాట్, వాపసు. గుర్రం గురించి ఒక్కరూ మాట్లాడరేం?

1948 లండన్ ఒలింపిక్స్‌లో గుర్రాల పోటీలు చూసిన పదో డ్యూక్ ఆఫ్ బోఫోర్ట్, బ్రిటన్ రౌతులకి సరైన సాధన ఉండాలని తన ఎస్టేట్‌లో 1949లో మొదలుపెట్టిన పోటీ ఇది. ఇవాళ ప్రపంచం మొత్తం మీద 5 స్టార్, అంటే అన్నిటికన్నా పై స్థాయి పోటీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అందులో రెండు బ్రిటన్‌లోనే ఉన్నాయి, ఇదీ, బర్లీ. క్రాస్ కంట్రీ రోజు ఒక్కో గుర్రం ఆరు కిలోమీటర్లకి పైగా, నిమిషానికి 570 మీటర్ల వేగంతో పరుగెత్తుతూ, దారిలో గోడలూ దుంగలూ గోతులూ దూకి, చెరువులోకి దిగి లేస్తుంది. మీరు తాడు పక్కన నిలబడితే డెక్కల చప్పుడు కాళ్ల కింద తెలుస్తుంది. ఏ టెస్ట్ మ్యాచ్‌లో అంత దగ్గర నిలబడనిస్తారు? రోజంతా ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంటాయి. ఆ టికెట్ దీనికి. దుకాణాలు ఉచితంగా వస్తున్నాయనుకోండి, లెక్క సరిపోతుంది.

ఇంకొకటి. రెండు వైపులా వసూలు అంటున్నారే, 2001లో గాలికుంటు వ్యాధి వల్ల, 2012లో నేలంతా నీళ్లు నిలిచి, 2020, 2021లో కోవిడ్ వల్ల పోటీ రద్దయింది. బయట పొలంలో జరిగే పోటీ ఇది, పైకప్పు లేదు. స్పాన్సర్ డబ్బు, టికెట్లు, స్టాండ్ల అద్దె, ఈ మూడూ లేకపోతే మరుసటి ఏడు మళ్లీ నిలబడటం కష్టం. కంచెల దగ్గర నిలబడే జడ్జీలు కూడా ఎక్కువమంది జీతం లేకుండా వచ్చేవాళ్లే.

లెక్కల_పంతులు:
కాపుగారూ, మీరు చెప్పింది కాదనను. కానీ జీతం లేనివాళ్లతో పని నడుస్తోందంటే టికెట్ ధర ఇంకా తగ్గాలి కదా, పెరగడం దేనికి? వాళ్ల సేవని చూపించి ధరని సమర్థించడం నాకు నప్పలేదు.

పాతకాపు:
ఆ జడ్జీలకి డబ్బిచ్చి చూడండి, టికెట్ ఎంతవుతుందో.

ఊరికే_చూద్దాం:
అన్నా, మీరింత కొట్లాడుతున్నరు గానీ, మేం పోయినం, ఏం కొనలె, మస్తు మంచిగనిపిచ్చింది. ఇంటికెల్లి పులిహోర, పెరుగన్నం కట్టుకపోయినం. లోపల బర్గర్లకు పెట్టే పైసలు మిగిలినయ్. కారు డిక్కీ తెరిచి అక్కడనే కూసోని తిన్నం, పక్కన ఇంగ్లీషోళ్లు గూడ అదే పని జేస్తున్నరు. క్రాస్ కంట్రీకి ముందురోజు పోతే రూట్ మొత్తం నడిచి చూడొచ్చు. ఆ అడ్డాల పక్కన నిలబడితే మనిషి ఎత్తు కనిపిస్తయ్. మా పోరడు గవి చూసి నోరు తెరిచిండు. షాపుల దిక్కు ఎవ్వరం పోలె. అడిగెటోడెవడు?

బురద ఉంటది, రబ్బరు బూట్లు ఏసుకపోండి. లేకుంటె గవి గూడ ఆడనే కొనాల్సొస్తది.

స్టాండ్_వెనక:
> లేకుంటె గవి గూడ ఆడనే కొనాల్సొస్తది.

నిజం. వాన పడ్డ రోజు మా పక్క స్టాండ్‌లో రబ్బరు బూట్ల మీద తగ్గింపు బోర్డు తీసేస్తారు.

పోనీ_నాన్న:
సరే, వింటానన్నాను, విన్నాను. సంత అన్న మాట వెనక్కి తీసుకోను, పంతులుగారు చెప్పినట్టు రెండు చేతులా వసూలు ఉంది. కానీ కొనడానికి వెళ్లడం, చూడటానికి వెళ్లడం నేను కలిపేసుకున్నాను కాబట్టే ధర గుచ్చుకుంది, కాపుగారి మాటతో అది విడిపోయింది.

ఇప్పటికి అనుకున్నది: టికెట్ తక్కువుండే డ్రెస్సాజ్ (గుర్రం నడకల పోటీ) రోజు, శుక్రవారం, స్కూల్లో సెలవడిగి వెళ్దాం. రూట్ నడిచి చూద్దాం. హెల్మెట్ కొలిపించి అక్కడే, క్రెడిట్ కార్డు మీద. పొడుగు బూట్లు రద్దు, ఇంట్లో యుద్ధం నేను చూసుకుంటాను. మా ఆవిడ కోటు ఆన్‌లైన్‌లో. శనివారం క్రాస్ కంట్రీ చందా కట్టి టీవీలో చూస్తాం.

పాతకాపు:
శుక్రవారం వెళ్లి శనివారం ఇంట్లో కూర్చుంటారా! పెళ్లికెళ్లి ముహూర్తానికి ముందే తాంబూలం పుచ్చుకుని వచ్చేసినట్టుంది.

పోనీ_నాన్న:
తాంబూలం ధర చూశాకే ఆ నిర్ణయం కాపుగారూ.

రికాబు_రాణి:
ఆయన్ని వదిలేయండి. బర్లీకి కూడా ఒకసారి ఆలోచించండి. 1961 నుంచి జరుగుతోంది. స్టామ్‌ఫర్డ్ స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్లొచ్చు, కారు ఖర్చే ఉండదు. బ్యాడ్మింటన్‌కి రైలంటే బ్రిస్టల్ పార్క్‌వేలోనో చిప్పెనమ్‌లోనో దిగి టాక్సీ పట్టుకోవాలి.

ఇంక హెల్మెట్ కొనేరోజు అమ్మాయి జుట్టు ఎప్పుడూ స్వారీకి ఎలా వేసుకుంటుందో అలాగే జడ వేసి తీసుకెళ్లండి. విరబోసిన జుట్టు మీద కొలిస్తే మర్నాడు జడతో పట్టదు, స్టాండ్ వాళ్లేమో అప్పటికి ఊళ్లో ఉండరు.