వీసా ఇంటర్వ్యూకు అమ్మానాన్నలతో హైదరాబాదులో మూడు రోజులు: తక్కువ అద్దెకు స్టూడియో ఫ్లాటు ఎక్కడ చూసుకోవాలి?

గోదారిగట్టు:
మా అమ్మానాన్నలు అమెరికాలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లడానికి వీసాకు దరఖాస్తు చేశారు. మంగళవారం వేలిముద్రలు, గురువారం ఇంటర్వ్యూ ఉన్నాయి. వారిని కాకినాడ నుండి నేనే తీసుకువస్తున్నాను. నాన్నగారికి షుగరు ఉంది, అమ్మ బయటి భోజనం ముట్టదు. కాబట్టి లాడ్జి గది కన్నా చిన్న వంటగది ఉన్న స్టూడియో ఫ్లాటు నయమనిపిస్తోంది. రోజుకు రెండు వేల రూపాయలకు మించి పెట్టలేను. బంధువులు బేగంపేటలో దిగమంటున్నారు. ఏ ప్రాంతం అనువుగా ఉంటుందో, ముందుగా ఏమేమి అడిగి తెలుసుకోవాలో చెప్పగలరా?

కొండాపూర్‌వాసి:
బేగంపేట మాట పాతబడిందండీ. ఇంటర్వ్యూ జరిగే అమెరికా కాన్సులేటు, బేగంపేటలోని పైగా ప్యాలెస్ అనే భవనం నుండి నానక్‌రామ్‌గూడకు 2023 మార్చిలోనే మారిపోయింది. వేలిముద్రలు తీసుకునే కేంద్రం మాదాపూర్‌లో, హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోనే ఉంది. ఈ రెండింటికీ అందుబాటులో ఉండాలంటే కొండాపూర్, గచ్చిబౌలి వైపు చూడండి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల కోసం కట్టిన చిన్న ఫ్లాట్లు అక్కడ చాలా ఉన్నాయి; ప్రధాన రహదారి వదిలి రెండు వీధులు లోపలికి వెళితే అద్దె తగ్గుతుంది. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నట్లయితే సికింద్రాబాదులో దిగకుండా లింగంపల్లి వరకు టికెట్ తీసుకోండి, ఆటో ఖర్చు బాగా కలిసివస్తుంది. ఒక్క జాగ్రత్త: ఎం.ఎం.టి.ఎస్. లోకల్ రైళ్లు ఆగే హైటెక్ సిటీ స్టేషను వేరు, మెట్రో స్టేషను వేరు. ఒకటనుకొని మరొక దాని దగ్గర దిగిన పెద్దవాళ్లను నేను చూశాను. నానక్‌రామ్‌గూడకు మెట్రో లేదు కనుక గురువారం ఉదయానికి క్యాబు ముందే మాట్లాడుకోవడం మంచిది.

సామర్లకోట:
వంటగది అన్న మాటను నమ్మి నేనొకసారి మోసపోయాను. ఫోటోలో గట్టు, అలమర కనిపించాయి గాని, వెళ్లి చూస్తే ఉన్నది టీ కాచుకునే కెటిల్ ఒక్కటే. పొయ్యి ఉందా, గిన్నెలు ఇస్తారా, వండుకోనిస్తారా అని విడివిడిగా అడగండి. పోపు వాసన గదిలో నిలిచిపోతుందని వంటే వద్దనే యజమానులూ ఉన్నారు. సాధారణంగా ఉండేది ఇండక్షన్ పొయ్యి. మా అమ్మ ఇంటి నుండి మోసుకొచ్చిన అల్యూమినియం గిన్నె దాని మీద వేడెక్కనే లేదు. అడుగు చదునుగా ఉండి అయస్కాంతం అంటుకునే గిన్నె గాని, ఇండక్షన్‌కు పనికివచ్చే చిన్న కుక్కరు గాని వెంట తెచ్చుకుంటే మూడు రోజులూ అన్నం, పప్పుచారుకు లోటుండదు. లిఫ్టు, గీజరు, కరెంటు పోతే జనరేటరు, తాగడానికి నీళ్ల క్యాను సంగతి కూడా కనుక్కోండి. స్టూడియో అంటే ఒకే గది కాబట్టి మంచం ఇద్దరికే సరిపోతుంది; మూడో మనిషికి పరుపు అడిగి పెట్టుకోండి.

మెట్రోప్రయాణికుడు:
నా అభిప్రాయం కొంచెం వేరు. రాత్రి బండి దిగి ఉదయమే చేరుకునేవారికి మధ్యాహ్నం దాకా ఫ్లాటు తాళం ఇవ్వకపోతే ఆ వయసు వారిని సామానుతో ఎక్కడ కూర్చోబెడతారు? హోటలైతే కనీసం రిసెప్షన్‌లో పెట్టెలు ఉంచుకోనిస్తారు. ఫ్లాటే కావాలనుకుంటే ఎన్ని గంటలకు లోపలికి రానిస్తారో యజమానితో ఫోనులో మాట్లాడి, అదే మాటను సందేశంగా కూడా తెప్పించుకోండి. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసేటప్పుడు అది వెంటనే తిరిగి ఇస్తారా, ముగ్గురి ఆధార్ కార్డులూ కావాలా అన్నవి కూడా అప్పుడే తేల్చుకోండి.

గోదారిగట్టు:
కొండాపూర్‌లో ఒక ఫ్లాటు యజమానితో మాట్లాడాను. ఉదయం తొమ్మిదికే తాళం ఇస్తామని, పొయ్యి ఉంది గాని గిన్నెలు లేవని చెప్పారు. కుక్కరు మేమే తెచ్చుకుంటాము. కాన్సులేటు లోపలికి ఫోన్లు తీసుకువెళ్లనివ్వరట కదా, అమ్మానాన్నలు బయటికి వచ్చాక నన్ను ఎలా కలుసుకోవాలి?

కొండాపూర్‌వాసి:
ఫోన్లు మీ దగ్గరే ఉంచుకోండి. లోపలికి పంపేముందే వారిని వెంటబెట్టుకుని వెళ్లి, మీరు నిలబడే చోటు చూపించండి. ఫ్లాటు చిరునామా, మీ నంబరు కాగితం మీద రాసి నాన్నగారి జేబులో పెట్టండి.