బీటిల్స్ సింగిల్స్‌కి విడిగా డిస్క్ ఎందుకు? ఆల్బమ్స్‌లోనే కలపొచ్చు కదా

రామ్_డాలస్:
మా అమ్మాయి అరవైల నాటి ఇంగ్లిష్ బ్యాండ్ బీటిల్స్ పాటలు మొదట్నుంచి వినాలంటోంది. సీడీలన్నీ బయటికి తీసి వరసలో పెడదామంటే మళ్ళీ పాత చికాకే. ఇంగ్లండ్‌లో 1965 డిసెంబర్ 3న 'రబ్బర్ సోల్' ఆల్బమ్, 'డే ట్రిప్పర్ / వుయ్ కెన్ వర్క్ ఇట్ అవుట్' సింగిల్ (రెండు వైపులా ఒక్కో పాట ఉండే చిన్న రికార్డు) ఒకేరోజు వచ్చాయి. దాదాపు అన్నీ ఆ శరదృతువులో, అదే స్టూడియోలో చేసిన పాటలు. సీడీల్లో చూస్తే ఆల్బమ్ ఒకచోట, సింగిల్ 'పాస్ట్ మాస్టర్స్' అనే సంకలనంలో ఇంకోచోట. 'రెయిన్' పాట సంగతీ అంతే. 'రివాల్వర్' ఆల్బమ్ పని నడుస్తున్న 1966 ఏప్రిల్‌లోనే రికార్డు చేశారు. 'రివాల్వర్' మొత్తం సుమారు 35 నిమిషాలు, డిస్కులో సగం ఖాళీ. ఆ ఏడాది సింగిల్స్ చివర్లో వేస్తే పోయేదేముంది? మిగిలిపోయినవన్నీ గోదాంలో పడేసినట్టు ఒక డిస్కులో పెట్టడం నాకు అస్సలు నచ్చదు.

చీరాల_శేఖర్:
రామ్ గారూ, మీరు అడుగుతున్నది అమెరికాలో క్యాపిటల్ అనే రికార్డు కంపెనీ అరవైల్లోనే చేసింది. సింగిల్స్ తెచ్చి ఆల్బమ్స్‌లో కలిపారు, ఉన్న పాటలు తీసేశారు. ఇంగ్లండ్ 'రివాల్వర్'లో 14 పాటలుంటే అక్కడ 11. తీసేసిన మూడూ బ్యాండ్‌లోని లెనన్ పాడినవే. ఆ గందరగోళం పోవాలనే 1987లో సీడీలు వచ్చినప్పుడు బ్రిటిష్ ఆల్బమ్స్ వరసనే ప్రపంచమంతటికీ ఖాయం చేశారు. మిగిలిన పాటల్ని బీటిల్స్ చరిత్రకారుడు మార్క్ లూయిసన్ ఒక క్రమంలో పేరిస్తే 1988 మార్చిలో 'పాస్ట్ మాస్టర్స్' రెండు భాగాలుగా వచ్చింది. మొదటి దాంట్లో 18, రెండో దాంట్లో 15. 'లవ్ మి డు' మొదటి సింగిల్‌లో డ్రమ్స్ బ్యాండ్ డ్రమ్మర్ రింగోవి. ఆల్బమ్‌లో ఉన్నది బయటి నుంచి పిలిచిన డ్రమ్మర్ ఆండీ వైట్ వాయించిన ఇంకో టేక్. సీడీల మీద ఆ రింగో టేక్ దొరికింది ఈ సంకలనం వల్లే.

ఇక 'రివాల్వర్' 'టుమారో నెవర్ నోస్'తో ముగుస్తుంది. ఆ పాట అయ్యాక ఇంకేమీ వినబుద్ధి కాదు. దాని వెనకాలే ఆ ఏడాది సింగిల్ 'పేపర్‌బ్యాక్ రైటర్' మోగితే ఆల్బమ్ చెడిపోతుంది.

గిటార్_నాని:
పాస్ట్ మాస్టర్స్‌లో 'స్ట్రాబెరీ ఫీల్డ్స్' ఎందుకు లేదు? అది నాన్-ఆల్బమ్ సింగిలే కదా.

చీరాల_శేఖర్:
'మ్యాజికల్ మిస్టరీ టూర్' సీడీలో ఉంది నాని.

గిటార్_నాని:
అదే అడుగుతున్నా అన్నా. ఇంగ్లండ్‌లో 'మ్యాజికల్ మిస్టరీ టూర్' ఆరు పాటల డబుల్ ఈపీ, అంటే రెండు చిన్న రికార్డుల సెట్. అమెరికావాళ్ళు దానికి 1967 సింగిల్స్ నుంచి అయిదు పాటలు కలిపి ఎల్పీ (పెద్ద రికార్డు) చేశారు. సీడీకి తీసుకున్నది ఆ అమెరికన్ ఎల్పీనే. మరి బ్రిటిష్ వరస ఎక్కడ మిగిలింది?

కొత్తశ్రోత:
ఇంత గొడవ దేనికండీ, '1' అనే డిస్క్ చాలు. 27 పాటలు, హిట్లన్నీ ఉన్నాయి.

గిటార్_నాని:
అందులోనూ 'స్ట్రాబెరీ ఫీల్డ్స్' లేదు. 'పెన్నీ లేన్' మాత్రమే ఉంది.

పద్మజ_వి:
కొత్తశ్రోత గారూ, '1'లో చేరాలంటే చార్టులో మొదటి స్థానం రావాలి. బీ-సైడ్స్ (సింగిల్‌కి రెండో వైపు పాటలు) గతి ఏంటి? 'ది ఇన్నర్ లైట్' 1968 జనవరిలో బొంబాయి హెచ్ఎంవీ స్టూడియోలో మన వాద్యకారులు వాయించిన పాట. బీటిల్స్‌లో ఒకడైన జార్జ్ హారిసన్ గొంతు మాత్రం తర్వాత లండన్‌లో కలిపారు. అది 'లేడీ మడోన్నా' రికార్డుకి రెండో వైపు వచ్చింది. హారిసన్ రాసిన పాట బీటిల్స్ సింగిల్‌కి ఎక్కడం అదే మొదలు. '1'లో లేదు, 1973 నాటి నీలం అట్ట సంకలనం '1967–1970'లోనూ లేదు. పాస్ట్ మాస్టర్స్ లేకపోతే నేను ఆ పాట వినేదాన్నే కాదు. అది గోదాం అంటే నేను ఒప్పుకోను.

రామ్_డాలస్:
పద్మజ గారూ, పాట ఉండాలనేదే నా మాట కూడా. ఎక్కడ ఉండాలన్నదే ప్రశ్న. శేఖర్ గారికి ఒకటి చెప్పాలి. నేను చదువుకునే రోజుల్లో అబిడ్స్‌లో ఒక షాపులో 'సింగిల్స్ అన్నీ ఇందులో ఉన్నాయి' అంటే నమ్మి మొదటి భాగం కొన్నాను. పెద్దమొత్తమే పెట్టాను. ఇంటికొచ్చి చూస్తే 'హే జూడ్' లేదు, 'షి లవ్స్ యు' ఇంగ్లీషులో ఒకసారి, జర్మన్‌లో ఇంకోసారి ఉంది. మార్చమంటే మార్చలేదు. రెండో భాగం కొనే స్తోమత వచ్చేసరికి చాలాకాలం పట్టింది. విడిగా డిస్కులు పెడితే నష్టపోయేది డబ్బు లేనివాడే.

చీరాల_శేఖర్:
షాపువాడు అబద్ధం చెబితే అది సంకలనం తప్పా? 2009లో రెండు భాగాలూ కలిపి ఒకే సెట్‌గా ఇచ్చారు కూడా. ఆల్బమ్‌ని ఆల్బమ్‌లా వినే ఓపిక లేనివాళ్ళకి ప్లేలిస్టులున్నాయి, చేసుకోవచ్చు.

రామ్_డాలస్:
ఎవరికండీ ఓపిక లేనిది? మా ఇంట్లో ఒరిజినల్ ఎల్పీలు లేవు. మా అన్నయ్య హాస్టల్లో ఎవరిదగ్గరో కాపీ చేసుకొచ్చిన క్యాసెట్లే. ఏ పాట ఏ ఆల్బమ్‌దో రాసి కూడా లేదు. ఆ పాటలే మాకు ప్రాణం. మీ దగ్గర కోల్‌కతా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చయిన పాత రికార్డులున్నాయని ఇక్కడ చాలాసార్లు రాశారు, సంతోషం. కానీ రికార్డు అట్ట కవరుతో సహా విన్నవాడే అసలు శ్రోత అన్నట్టు మాట్లాడకండి.

పద్మజ_వి:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

చీరాల_శేఖర్:
నా రికార్డుల మీద పడ్డారు కాబట్టి నాదీ సూటిగా చెప్తాను. 'హే జూడ్' ఏడు నిమిషాల పైన ఉంటుంది. అదే ఏడు వచ్చిన వైట్ ఆల్బమ్‌లో 30 పాటలున్నాయి, అది లేదు. చోటు లేకనా? ఆ పాట ఒంటరిగా నిలబడాలని ఆ నలుగురూ అనుకున్నారు. ఏది లోపల పెట్టాలి, ఏది బయట ఉంచాలి అన్నది వాళ్ళు చేసిన పనిలో భాగం. దాన్ని మన సౌకర్యం కోసం మార్చే హక్కు మనకెక్కడిది? నేను పోట్లాడేది దీనికోసం, అట్ట కవర్ల కోసం కాదు.

రామ్_డాలస్:
అయితే అసలు తేడా ఇక్కడుంది. అది వాళ్ళ నిర్ణయం అని మీరు, వ్యాపార అలవాటు అని నేను. 'స్ట్రాబెరీ ఫీల్డ్స్', 'పెన్నీ లేన్' రెండూ 'సార్జెంట్ పెప్పర్' కోసం మొదలైన పనిలోవే. మార్కెట్లో కొత్త సింగిల్ లేదని కంపెనీ, మేనేజర్ ఎప్‌స్టీన్ తొందరపెడితే 1967 ఫిబ్రవరిలో ముందే విడుదల చేశారు. సింగిల్‌గా కొన్న పాటని ఆల్బమ్‌లో మళ్ళీ అమ్మకూడదన్న అక్కడి పద్ధతి ప్రకారం ఆల్బమ్ నుంచి తప్పించారు. అలా వదిలేయడం తన పెద్ద పొరపాటని జార్జ్ మార్టినే తర్వాత చెప్పాడు. నిర్మాతే అలా అన్నాక దాన్ని కళ అని మనమెలా పూజిస్తాం?

గిటార్_నాని:
చూశారా, మళ్ళీ స్ట్రాబెరీ ఫీల్డ్స్ దగ్గరికే వచ్చింది.

చీరాల_శేఖర్:
ఆ రెండు పాటల విషయంలో మార్టిన్ బాధపడ్డాడు, నిజమే. 'హే జూడ్' గురించి, 'రెయిన్' గురించి అలా అనలేదు. కొన్నవాడి చేత ఒకే పాటకి రెండుసార్లు డబ్బు కట్టించకూడదన్న పద్ధతి మీకు వ్యాపారంలా కనిపిస్తోంది. నాకు మర్యాదలా కనిపిస్తోంది. డబ్బు లేనివాడి గురించి మీరే కదా రాశారు, ఆ పద్ధతి కాపాడింది వాణ్ణే.

పద్మజ_వి:
రామ్ గారూ, ఇంతకీ అమ్మాయికి ఎలా ఇస్తున్నారు? 'లేడీ మడోన్నా' పక్కన 'ది ఇన్నర్ లైట్' తప్పకుండా పెట్టండి.

రామ్_డాలస్:
పెడతానండీ, ఏ-సైడ్, బీ-సైడ్ జంటగానే. విడుదలైన తేదీల ప్రకారం అన్నీ ఒకే వరసలో.

చీరాల_శేఖర్:
'హే జూడ్'ని మాత్రం వైట్ ఆల్బమ్ చివర్లో అతికించకండి.

రామ్_డాలస్:
చివర్లో ఎందుకు వస్తుంది? సింగిల్ 1968 ఆగస్టులో, ఆల్బమ్ నవంబర్‌లో. ముందే వస్తుంది, వెనకాల 'రివల్యూషన్'తో సహా. డిస్కులు వేరుగా ఉండాలన్న మీ మాట మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను.