వైఫై కలుస్తుంది, వెబ్‌సైటు తెరుచుకోదు: ముందు డీఎన్ఎస్ మార్చాలా, కారణం చూడాలా?

రాజాం మాస్టారు

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లోని ల్యాప్‌టాప్ వైఫైకి చక్కగా కలుస్తోంది, సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తున్నాయి, కానీ క్రోమ్‌లో గాని ఫైర్‌ఫాక్స్‌లో గాని ఒక్క పేజీ కూడా తెరుచుకోవడం లేదు. అది విండోస్ 10తో నడుస్తోంది. వైఫై పేరు కింద ‘నో ఇంటర్నెట్, సెక్యూర్డ్’ అని వస్తోంది. అదే వైఫై మీద మా రెండు ఫోన్లూ, టీవీ మామూలుగానే పనిచేస్తున్నాయి. ఊళ్లో మరమ్మతులు చేసే అబ్బాయికి చూపిస్తే, విండోస్ పాడైపోయిందనీ, ఫార్మాట్ కొట్టి మళ్లీ వేయాలనీ, 700 రూపాయలు అవుతుందనీ చెప్పాడు. పదో తరగతి ప్రశ్నపత్రాలు, మార్కుల పట్టికలు అన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి నాకు ధైర్యం చాలడం లేదు. మా బడిలో తోటి ఉపాధ్యాయుడొకరు మాత్రం డీఎన్ఎస్ మార్చుకుంటే చాలని అంటున్నారు. ఏది ముందు చేయాలో తెలిసినవారు చెప్పగలరు.

వంశధార

మాస్టారూ, మీ మిత్రులు చెప్పినదే సరైన మాట. నరసన్నపేటలో చాలాకాలంగా నెట్ సెంటర్ నడుపుతున్నాను. వైఫై కలిసి పేజీలు తెరుచుకోని ల్యాప్‌టాప్ వస్తే నేను మొదట చేసేది డీఎన్ఎస్ మార్చడమే, చాలాసార్లు అక్కడితోనే పని అయిపోతుంది. మనం టైపు చేసే సైటు పేరును అంకెల చిరునామాగా మార్చి చెప్పేది డీఎన్ఎస్. ఆ చెప్పేవాడు పలకకపోతే రోడ్డు బాగానే ఉన్నా వెళ్లవలసిన ఇల్లు ఎక్కడో తెలియదు. మనకు కనెక్షన్ ఇచ్చినవాళ్ల డీఎన్ఎస్ సర్వర్లు, ముఖ్యంగా సాయంత్రం వేళ, మొరాయించడం కొత్త విషయం కాదు. గూగుల్ 2009 నుంచి 8.8.8.8ను, క్లౌడ్‌ఫ్లేర్ 2018 నుంచి 1.1.1.1ను ఉచితంగానే అందరికీ ఇస్తున్నాయి.

నెట్‌వర్క్ కనెక్షన్లలో వైఫై మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్లండి. అక్కడ ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4ను రెండుసార్లు నొక్కితే ఒక పెట్టె తెరుచుకుంటుంది. దాని కింది సగంలో ఈ రెండు అంకెలూ వేసి ఓకే కొట్టండి. రెండు నిమిషాల పని. ఫార్మాట్ మాట మరిచిపోండి.

చంపావతి

ఫార్మాట్ వద్దన్న మాట వరకు వంశధార గారితో ఏకీభవిస్తున్నాను. మిగిలినదానితో ఏకీభవించలేను.

మాస్టారు మొదటి సందేశంలోనే అసలు ఆధారం ఇచ్చారు: అదే వైఫై మీద ఫోన్లు పనిచేస్తున్నాయి. రౌటరు ఫోనుకు ఏ డీఎన్ఎస్ చిరునామా ఇస్తుందో మామూలుగా ల్యాప్‌టాప్‌కూ అదే ఇస్తుంది. కనెక్షన్ ఇచ్చినవాళ్ల సర్వరే మొరాయించి ఉంటే ఫోన్లు కూడా ఆగిపోవాలి కదా. కాబట్టి తప్పు ల్యాప్‌టాప్‌లోనే ఎక్కడో ఉంది. అది డీఎన్ఎసే కావచ్చు, మరొకటీ కావచ్చు. తేల్చుకోవడానికి పట్టేది కూడా ఆ రెండు నిమిషాలే.

మాస్టారూ, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ అని రాసి, ఒక ఖాళీ వదిలి, 8.8.8.8 అని కొట్టండి. ఇక్కడ పేరు లేదు, అంకెలే ఉన్నాయి, కాబట్టి డీఎన్ఎస్‌తో దీనికి పని లేదు. జవాబు వస్తే దారి బాగున్నట్టే. ఆ తరువాత ఏదైనా సైటు పేరుతో పింగ్ చేసినప్పుడు ఆ పేరు దొరకలేదని వస్తే, అప్పుడు వంశధార గారి మందు వేసుకోవచ్చు. అంకెలకే జవాబు రాకపోతే మాత్రం డీఎన్ఎస్ ఎన్నిసార్లు మార్చినా ప్రయోజనం ఉండదు. అలాగే ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి ల్యాప్‌టాప్‌ను దానికి కలిపి చూడండి. అక్కడ పనిచేస్తే తగువు రౌటరుకూ ల్యాప్‌టాప్‌కూ మధ్య ఉన్నట్టు, అక్కడా పనిచేయకపోతే ల్యాప్‌టాప్ తన వెంట తీసుకుపోతున్న సెట్టింగేదో ఉన్నట్టు.

డీఎన్ఎస్ విషయంలో నేను ఇంత పట్టుదలగా ఉండటానికి ఒక కారణం ఉంది. విజయనగరంలో ఒక కళాశాల నెట్‌వర్క్ చూసుకోవడం నా ఉద్యోగం. ఏటా కొత్త పిల్లలు వస్తారు, వైఫై కలుస్తుంది గాని లాగిన్ పేజీ రావడం లేదంటారు. చూస్తే ఇంటి దగ్గర ఎవరో 8.8.8.8ను శాశ్వతంగా దిగ్గొట్టి పంపి ఉంటారు. మా దగ్గర లాగిన్ కాకముందు బయటి డీఎన్ఎస్‌కు దారి ఉండదు, లోపలిదే ఆ పేజీకి తీసుకుపోవాలి. ఇంటి దగ్గర వేసిన మందు ఇక్కడ జబ్బు అవుతుంది. పైగా ఏం మార్చారో ఆ పిల్లలకు గుర్తుండదు.

ఉద్దానం

మధ్యలో వస్తున్నందుకు మన్నించాలి. ముందు తేదీ చూసుకోండి మాస్టారూ. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తరువాత మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు వచ్చాక ల్యాప్‌టాప్ తెరిస్తే వైఫై ఉంది, ఒక్క సైటూ తెరుచుకోలేదు. లోపల ఉండే బిళ్ల బ్యాటరీ అప్పటికే అయిపోయిందట, పెద్ద బ్యాటరీ కూడా దిగిపోయేసరికి గడియారం వెనక్కి, 2015కు వెళ్లిపోయింది. సైట్లు చూపించే భద్రతా పత్రాలకు గడువు ఉంటుంది కాబట్టి, 2015లో ఉన్న ల్యాప్‌టాప్‌కు 2018లో ఇచ్చిన పత్రం చెల్లదు. కొబ్బరి చెట్లు పడిపోయి మేం ఏడుస్తుంటే అది ఇంకా మూడేళ్ల వెనుక సుఖంగా ఉంది.

చంపావతి

ఉద్దానం గారు చెప్పినది నిజంగా జరిగేదే. అయితే అప్పుడు బ్రౌజరు ఊరికే ఉండిపోదు, మీ కనెక్షన్ సురక్షితం కాదనో, గడియారం వెనుక ఉందనో ఎర్రగా హెచ్చరిస్తుంది. అంకెల పింగ్ కూడా మామూలుగానే పనిచేస్తుంది. మాస్టారూ, బ్రౌజరులో కనిపిస్తున్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయగలరా?

రాజాం మాస్టారు

తేదీ సరిగ్గానే ఉంది. నిన్న రాత్రి చంపావతి గారి సందేశం చూడకముందే వంశధార గారు చెప్పినట్టు డీఎన్ఎస్ మార్చాను. ఫలితం లేదు. అంతకుముందు అక్కడ ఏ అంకెలు ఉండేవో రాసిపెట్టుకోలేదు, అది నా పొరపాటే. ఫోను హాట్‌స్పాట్‌తో కూడా ప్రయత్నించాను, అక్కడా ఇదే పరిస్థితి. బ్రౌజరులో ‘ఇంటర్నెట్ లేదు’ అన్న మాట తప్ప మరేమీ లేదు. 8.8.8.8కు పింగ్ కొడితే నాలుగు వరుసల్లోనూ ఒకటే వచ్చింది: ‘రిప్లై ఫ్రమ్ 192.168.0.25, డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్’. రిప్లై అని ఉంది కాబట్టి ఎవరో జవాబిస్తున్నట్టే కదా అని నాకొక ఆశ కలిగింది.

వంశధార

అయితే నెట్‌వర్క్ రీసెట్ చేయండి మాస్టారూ. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ పేజీ అడుగున ఉంటుంది. ఒక్క నొక్కు, ఒక్క రీస్టార్ట్. చంపావతి గారి పరీక్షలు బాగానే ఉన్నాయి గాని, కళాశాలలో జీతం తీసుకుంటూ కారణాలు వెతకడం వేరు, వీధిలో కొట్టు పెట్టుకొని కూర్చోవడం వేరు. నా ఎదుట నిలబడినవాడు బస్సు వేళ చూసుకుంటూ ఉంటాడు. దరఖాస్తుకు ఆ రోజే ఆఖరు రోజు. వాడికి కావలసింది పేజీ తెరుచుకోవడం, రోగం పేరు వాడికి అక్కర్లేదు.

చంపావతి

వంశధార గారి ఇబ్బంది నాకు అర్థమవుతుంది, ఆ మాటలో న్యాయం ఉంది. రీసెట్‌తో బహుశా బాగవుతుంది కూడా. కాని అది దాచిన వైఫై పాస్‌వర్డులన్నీ చెరిపేస్తుంది, వీపీఎన్ వంటివి ఉంటే మళ్లీ పెట్టుకోవలసి వస్తుంది. మాస్టారు బస్సు కోసం నిలబడి లేరు, ఇంట్లోనే ఉన్నారు. ఒక్క ప్రశ్నకు ఆగమంటున్నాను.

మాస్టారూ, ఆ రిప్లై మీద ఆశ పెట్టుకోకండి. అది ఎవరి దగ్గర నుంచి వచ్చిందో చూడండి. 192.168.0.25 అనేది మీ ల్యాప్‌టాప్ సొంత చిరునామాయే అని నా అనుమానం. అంటే మీ ల్యాప్‌టాప్ తన గుమ్మం అయిన గేట్‌వే కోసం ఇల్లంతా కేకవేసింది, ఎవరూ పలకలేదు, ‘దారి లేదు’ అని తనకు తానే చెప్పుకుంది. మీరు పంపినది ఇల్లు దాటనేలేదు.

ఇప్పుడు ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ అని కొట్టి, వైఫై భాగంలో డీహెచ్‌సీపీ ఎనేబుల్డ్ అన్న వరుస ఎదురుగా ఏముందో చెప్పండి. రౌటరు తనంతట తానే చిరునామాలు పంచే పద్ధతి పేరే డీహెచ్‌సీపీ. రౌటరు చిరునామా ఇవ్వలేకపోతే విండోస్ తనంతట తాను 169.254తో మొదలయ్యే అంకె పెట్టుకుంటుంది. మీది అలా లేదు, అంటే ఈ అంకె రౌటరు ఇచ్చి ఉండాలి, లేదా మనిషి చేత్తో రాసి ఉండాలి. మామూలు ఫోను హాట్‌స్పాట్ కింద కూడా ఇదే అంకె కనిపిస్తే, చేత్తో రాసినదే అనుకోవచ్చు. ఇంకొక మాట, ఈ మధ్య మీ ఇంట్లో రౌటరు గాని మారిందా?

మీ రాజాంనే ఉదాహరణగా తీసుకుందాం. 2022లో జిల్లాల విభజనలో శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. పాత జిల్లా పేరు రాసిన ఉత్తరం వచ్చినా పోస్టుమ్యాన్ ఊరు తెలిసినవాడు కాబట్టి తెచ్చి ఇస్తాడు. రౌటరుకు ఆ మొహమాటం లేదు. గుమ్మం 192.168.0.1 అని మీరు రాసిపెట్టుకుంటే, అది 192.168.1.1కు మారిన సంగతి దానంతట అది వచ్చి చెప్పదు.

రాజాం మాస్టారు

డీహెచ్‌సీపీ ఎనేబుల్డ్ ఎదురుగా ‘నో’ అని ఉంది. డీఫాల్ట్ గేట్‌వే 192.168.0.1 అని ఉంది. నా ఫోనులో చూస్తే గేట్‌వే 192.168.1.1.

పది రోజుల కిందట పిడుగు పడి మా పాత రౌటరు కాలిపోయింది, కేబుల్ వాళ్లు వచ్చి కొత్తది బిగించి వెళ్లారు. ల్యాప్‌టాప్ ఆగిపోయింది నాలుగు రోజుల కిందట అనుకున్నాను, ఎందుకంటే నాలుగు రోజుల కిందటే దాన్ని తెరిచాను. ఈ రెండింటికీ సంబంధం ఉంటుందని తోచలేదు. మూడేళ్ల కిందట మా మేనల్లుడు సంక్రాంతికి వచ్చినప్పుడు వైఫై ప్రింటరు బిగించి, ఏవో అంకెలు వేస్తే గాని అది నిలకడగా ఉండదని చెప్పి వేశాడు. ఇందులో నాకు సిగ్గు కలిగించే విషయం ఇంకొకటి ఉంది. వంశధార గారు చూపిన ఆ పెట్టెలో కింది సగం మార్చడానికి వెళ్లినప్పుడు పై సగంలో అంకెలు నిండి ఉండటం నా కళ్లతో చూశాను, అవి ఉండవలసినవే అనుకున్నాను.

పైన, కింద రెండు చోట్లా ‘ఆటోమేటిగ్గా తీసుకో’ అన్నది ఎంచుకొని ఓకే కొట్టగానే పేజీలు తెరుచుకున్నాయి.

వంశధార

సంతోషం మాస్టారూ. ఆ పెట్టె దాకా తీసుకెళ్లింది నేనేనని మాత్రం నమోదు కావాలి! రీసెట్ చేసి ఉన్నా ఆ పై సగం చెరిగిపోయి ఇదే ఫలితం వచ్చేదన్నది కూడా నమోదు కావాలి. ఇక మీదట డీఎన్ఎస్ మార్చమని చెప్పేటప్పుడు పై సగం కూడా చూడమని చెబుతాను. ముందు డీఎన్ఎస్సే చూస్తాను, ఆ అలవాటు మారదు.

ఉద్దానం

ఫార్మాట్ కొట్టినా బాగయ్యేదే కదా. అప్పుడు ఆ అబ్బాయి చెప్పిందే నిజమని మనమంతా ఒప్పుకునేవాళ్లం.

చంపావతి

అవును, అదే నా బెంగ. మందు పనిచేసినంత మాత్రాన రోగ నిర్ణయం సరైనదని కాదు. ఆ మేనల్లుడు మళ్లీ సంక్రాంతికి వచ్చి అవే అంకెలు వేస్తే అప్పుడు మళ్లీ 700 రూపాయలు.

మాస్టారూ, అతనికి ఒక మాట చెప్పండి. స్థిరమైన చిరునామా కావలసింది ప్రింటరుకు, ల్యాప్‌టాప్‌కు కాదు. ల్యాప్‌టాప్ ప్రింటరును వెతుక్కుంటూ వెళుతుంది కాబట్టి ప్రింటరు ఒకచోట ఉంటే చాలు. దాన్ని కూడా ప్రింటరులో చేత్తో రాయనక్కర్లేదు. రౌటరు పేజీలో ప్రింటరు మ్యాక్ చిరునామాకు, అంటే తయారీలోనే దానికి ఇచ్చిన గుర్తింపు సంఖ్యకు, ఒక అంకెను కేటాయించే వీలు సాధారణంగా ఉంటుంది. మీరు డీఎన్ఎస్ దగ్గర పాత అంకెలు రాసుకోలేదని బాధపడ్డారు. ఈసారి మార్చేముందు ఆ పెట్టెను ఫోనుతో ఫొటో తీసుకోండి, అంతకంటే తేలిక లేదు.

రాజాం మాస్టారు

ఇప్పుడే ప్రింటరు ఆన్ చేసి చూశాను. ఆఫ్‌లైన్ అంటోంది. దాని చిన్న తెరలో 192.168.0.50 కనిపిస్తోంది, మేనల్లుడు దానికి కూడా వేసి ఉంటాడు. ఫొటో తీశాను. రౌటరు పేజీ పాస్‌వర్డు కేబుల్ వాళ్ల దగ్గర ఉంది, రేపు అడుగుతాను.