ఎస్‌సీటీ (ష్మిట్-కాసెగ్రెయిన్ టెలిస్కోప్) ఫోకస్‌లో బ్యాక్‌లాష్ (దిశ మార్చినప్పుడు వచ్చే ఆట), ఆటోఫోకస్ ప్రతిసారీ తప్పుతోంది, విప్పాలా వద్దా?

డాబామీద_చుక్కలు:
అందరికీ నమస్తే. నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న 8 ఇంచుల ఎస్‌సీటీ ఉంది, ఎఫ్/10, రెండు నెలల కింద దానికి మోటార్ ఫోకసర్ పెట్టాను, ఉప్పల్‌లో మా డాబా మీద నుంచే ఫొటోలు తీస్తుంటా. నీనాలో (ఫొటోలు తీయించే సాఫ్ట్‌వేర్) ఆటోఫోకస్ రన్ చేస్తే మొదటి రెండు మూడు పాయింట్లు ఒకే హెచ్‌ఎఫ్ఆర్ (చుక్క ఎంత ఉబ్బిందో చెప్పే నంబర్, తగ్గితే ఫోకస్ మంచిది) దగ్గర అడ్డంగా పడి ఉంటాయి, ఆ తర్వాత కర్వ్ చక్కగా దిగి మళ్ళీ ఎక్కుతుంది, తీరా అంతా అయ్యాక అది చెప్పిన పొజిషన్‌కి వెళ్ళి ఫొటో తీస్తే కర్వ్ అడుగున చూపించిన నంబర్ రానే రాదు, చుక్కలు ఉబ్బి ఉంటాయి. మోటార్ పెట్టకముందు చేత్తో తిప్పినప్పుడు కూడా నాబ్ వెనక్కి తిప్పితే కాసేపు ఏమీ అయ్యేది కాదు, తర్వాత శని గ్రహం గబుక్కున పక్కకి జరిగేది. వెనక విప్పి గ్రీజు మార్చాలా? చాలా కాలం డబ్బులు దాచుకుని కొన్న స్కోప్, పాడవుతుందని భయంగా ఉంది.

రాత్రి_కాపలా:
తమ్ముడూ విప్పకు, అంత అవసరం లేదు. పాత లారీ స్టీరింగ్‌లో ఆట ఉంటుంది చూశావా, ఇటు నుంచి అటు తిప్పితే ముందు ఆట పోవాలి, తర్వాతే చక్రం కదుల్తుంది, ఇదీ అంతే. నీ కర్వ్ బయటి నుంచి లోపలికి వస్తూ తీసింది, మొదట బయటికి వెళ్ళి లోపలికి తిరిగే చోట ఆట ఉంది కాబట్టి ఆ పాయింట్లు అడ్డంగా పడ్డాయి, చివర్లో మంచి ఫోకస్ కోసం మళ్ళీ బయటికి తిరగాలి, అక్కడ ఇంకోసారి మింగేసింది. ఎస్‌సీటీలో కదిలేది పెద్ద అద్దమే, సెకండరీ (ముందున్న చిన్న అద్దం) 5 రెట్లు పెంచుతుంది కాబట్టి పెద్ద అద్దం 1 మి.మీ. జరిగితే ఫోకస్ దాదాపు పాతిక మి.మీ. జరుగుతుంది, అందుకే కొంచెం ఆట కూడా ఇంత కనపడుతుంది.

చేయాల్సింది ఒకటే, ఫోకస్‌కి ఎప్పుడూ ఒకే వైపు నుంచి రావాలి, అదీ అద్దాన్ని ఆకాశం వైపు నెట్టే దిశలో. అప్పుడు అద్దం బరువే మరల మీద ఆనుకుని ఆటని పట్టి ఉంచుతుంది. చాలా ఎస్‌సీటీల్లో అది నాబ్ యాంటీ క్లాక్‌వైజ్, అయినా నీ దాంట్లో చూసుకో: ఐపీస్‌లో ఫోకస్ పెట్టి, ఐపీస్‌ని 5 మి.మీ. బయటికి లాగి, మళ్ళీ ఫోకస్ రావాలంటే ఎటు తిప్పాలో చూడు, అద్దం పైకెళ్ళే దిశ అదే.

ఒక్క మాట, శని పక్కకి జరగడం వేరే రోగం. దాన్ని ఇమేజ్ షిఫ్ట్ అంటారు, అద్దం మధ్య గొట్టం మీద కొద్దిగా వాలడం వల్ల వస్తుంది. సాఫ్ట్‌వేర్‌తో పోదు, కానీ ఒకే దిశలో ముగిస్తే బాగా తగ్గుతుంది. ఫోకస్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి నాలుగైదు సార్లు మెల్లగా తిప్పు, ఒకచోట పేరుకున్న గ్రీజు సర్దుకుంటుంది.

స్క్రూడ్రైవర్:
అన్నిటికంటే ముందు మోటార్ షాఫ్ట్‌ని ఫోకస్ రాడ్‌కి కలిపే కప్లర్ చూడండి సార్. దాని గ్రబ్ స్క్రూ (షాఫ్ట్‌ని పట్టి ఉంచే చిన్న స్క్రూ) లూజైతే సాఫ్ట్‌వేర్‌లో ఆటకి ఎంత కాంపెన్సేషన్ (సర్దుబాటు) పెట్టినా దండగే, ఆట రోజుకో రకంగా ఉంటుంది. అలెన్ కీతో బిగించండి, మరీ బలంగా కాదు, మర పోతుంది.

హెచ్‌ఎఫ్ఆర్_పిచ్చి:
పై ఇద్దరూ చెప్పింది కరెక్ట్, కొలవడం గురించి నేను చెప్తా ఎందుకంటే అందరూ ఇక్కడే తప్పు చేస్తారు. సరిగ్గా ఫోకస్‌లో పెట్టి కొలవకండి, కర్వ్ అడుగున ఎటు కదిలినా నంబర్ పెద్దగా మారదు, ఆట ఎక్కడ అయిపోయిందో తెలీదు. కొంచెం ఫోకస్ తప్పించి, ఒకే వైపు 500 స్టెప్పులు పోనిచ్చి ఆగండి, అక్కడి నుంచి వెనక్కి 20 స్టెప్పుల చొప్పున వెళ్తూ ఒక్కో ఫొటో తీయండి. హెచ్‌ఎఫ్ఆర్ కదలడం మొదలయ్యేదాకా ఎన్ని స్టెప్పులు వృథా అయ్యాయో అదే మీ బ్యాక్‌లాష్.

నీనాలో ఓవర్‌షూట్ పద్ధతి (కావాల్సిన దానికంటే ఎక్కువ వెళ్ళి వెనక్కి రావడం) పెట్టండి, అబ్సల్యూట్ (దిశ మారినప్పుడు కొలిచిన ఆటని కలపడం) వద్దు, దానికి ఖచ్చితమైన కొలత కావాలి, ఎస్‌సీటీలో ఆ కొలత స్కోప్ వాలుని బట్టి మారుతుంది. ఓవర్‌షూట్‌లో కొలిచిన దానికంటే ఎక్కువే వేయండి, ఇన్, ఔట్ అని ఉన్న రెండు బాక్సుల్లో ఒక్కదాంట్లోనే, రెండోది 0. ఔట్ బాక్స్‌లో వేస్తే బయటికెళ్ళే ప్రతిసారీ అంత ఎక్కువ వెళ్ళి లోపలికి తిరిగొస్తుంది, అంటే చివరి కదలిక ఎప్పుడూ లోపలికే. అది అద్దం పైకెళ్ళే దిశ కాకపోతే ఇన్ బాక్స్‌లో వేయండి. ఫోకసర్ డ్రైవర్‌లో కూడా బ్యాక్‌లాష్ సెట్టింగ్ ఉంటే అక్కడ 0 చేయండి, రెండు చోట్లా ఉంటే ఒకదాని మీద ఒకటి పడి గందరగోళమే. ఎఫ్/10లో ఫోకస్ జోన్ (ఫోకస్ పదునుగా ఉండే మేర) దాదాపు 270 మైక్రాన్లు, కొంచెం అటూ ఇటూ అయినా సాగుతుంది, 6.3 రెడ్యూసర్ (ఎఫ్/10ని ఎఫ్/6.3 చేసే లెన్స్) పెడితే 107కి పడిపోతుంది, అప్పుడు ఈ జాగ్రత్తలన్నీ తప్పనిసరి.

డాబామీద_చుక్కలు:
స్క్రూడ్రైవర్ గారూ మీరన్నట్టే గ్రబ్ స్క్రూ అర చుట్టు లూజుగా ఉంది! బిగించాక కొలిస్తే 140 స్టెప్పులు వచ్చింది. నా దాంట్లో అద్దం పైకెళ్ళేది మోటార్ బయటికి తిరిగినప్పుడు, అందుకని ఇన్ బాక్స్‌లో 250 వేశా, డ్రైవర్‌లో 80 ఎవరు పెట్టారో తెలీదు, తీసేశా. రాత్రి మూడుసార్లు రన్ చేస్తే మూడుసార్లూ కర్వ్ మొదటి పాయింట్ నుంచే సరిగ్గా దిగింది, చివరి ఫొటో నంబర్ కూడా కర్వ్‌తో కలిసింది. టైమ్ కొంచెం ఎక్కువ పడుతోంది కానీ పర్లేదు. ఇమేజ్ షిఫ్ట్ ఇంకా కొద్దిగా ఉంది, మబ్బు లేని రోజు గ్రీజు తిప్పే పని చేసి చెప్తా అన్నా.