పర్మాకల్చర్ పార్కు: సంఘం కార్యక్రమం రోజు ఏ బల్ల మీద ఏముండాలి?

నగరపాలక సంస్థ స్థలంలో పర్మాకల్చర్ పార్కు, అంటే అడవిలా చెట్లూ పొదలూ కలిపి పెంచే తోట, వేయడానికి మన సంఘం మద్దతు కూడగట్టే కార్యక్రమం ఇది. దాని ఏర్పాట్ల మీద బృందాల మాటలు ఇవి.

నిధుల బృందం:
విరాళాల డబ్బా గుమ్మంలో పెట్టొద్దు. ముందు ఇరుగుపొరుగు సంతకాలు, తర్వాత పనిచేస్తామన్న గంటలు, ఆఖర్న డబ్బు. స్థలం నగరపాలక సంస్థది కాబట్టి అనుమతి ఇచ్చేవాళ్ళూ, గ్రాంటు ఇచ్చేవాళ్ళూ అడిగే ప్రశ్న ఒకటే: నాటాక చూసేదెవరు? మన సభ్యులు రెండొందలమంది సంతకాలు పెట్టినా, అందరూ కారేసుకుని రావలసినవాళ్ళే అయితే దానికి జవాబు దొరకనట్టే. నడిచి రాగల ముప్పైమంది నయం. అందుకే ఆహ్వానం తెలుగులో ఒక్కటే సరిపోదు, ఆ స్థలం చుట్టుపక్కల వీధుల్లో మాట్లాడే భాషలన్నిటిలో వేయాలి.

ఇంకోటి, మొత్తం స్థలానికి ఒకేసారి డబ్బు అడగొద్దు. అమెరికాలో సియాటిల్‌లోని బీకన్ ఫుడ్ ఫారెస్ట్ (ఇలాంటి తోటే) ఆలోచన 2009లో పుడితే మొక్కలు నాటేసరికి 2012 వచ్చింది. అక్కడున్నది 7 ఎకరాలు, మొదలుపెట్టింది రెండెకరాల లోపు ముక్కతో. మనమూ పూర్తి ప్లాను గోడకి తగిలించి, మొదటి దశకి రంగు వేసి, దానికే మద్దతు అడుగుదాం.

ఖాతాలు:
అక్కా, గంటల గురించి ఒక మాట. చాలా మ్యాచింగ్ గ్రాంట్లలో, అంటే మనమూ కొంత వాటా పెడితేనే ఇచ్చేవాటిలో, వాలంటీర్ గంటలు మన వాటా కింద జమవుతాయి, కాగితం ఉంటేనే. పేరు, వచ్చిన వేళ, వెళ్ళిన వేళ, చేసిన పని, సంతకం. నెల తర్వాత గుర్తుచేసుకుని నింపిన షీటు ఆడిట్‌లో నిలబడదు. గ్రాంటు ఒప్పందం తేదీకి ముందు చేసిన పనిని చాలాచోట్ల లెక్కలోకి తీసుకోరు, కాబట్టి నిబంధనలు చదవకుండా పార పట్టొద్దు.

పార్కుకని ఇచ్చిన సొమ్ముకి ఖాతా పద్దు విడిగా ఉండాలి, లేకపోతే హాలు అద్దెలో కలిసిపోతుంది. విరాళం కార్డు మీద రెండు గళ్ళు గీయండి: అనుమతి రాకపోతే తిరిగివ్వాలా, సంఘం మరో పనికి వాడుకోవచ్చా? ఇప్పుడు అడిగితే ఒక్క టిక్కు, తర్వాత అడిగితే పంచాయితీ.

మొక్కల బృందం:
మా బల్ల దగ్గర 2 మీటర్లకి 1 మీటరు గడ్డినేల కావాలి, అట్టపెట్టెలతో మల్చింగ్, అంటే గడ్డి లేవకుండా నేలని కప్పడం, చేసి చూపిస్తాం. టేపు, పిన్నులు పీకేసిన మామూలు గోధుమరంగు అట్టలే తీసుకురండి, నున్నటి రంగుల అట్టలొద్దు. ఒకదానిమీదొకటి 15 సెంటీమీటర్లు ఎక్కించి పరవాలి, ఆ అతుకుల్లోంచే గడ్డి మళ్ళీ లేస్తుంది. బాగా తడిపి, పైన చెక్కపేళ్ళు 10 నుంచి 15 సెంటీమీటర్లు. పేళ్ళు మట్టిలో కలిపేస్తే కుళ్ళేటప్పుడు నత్రజనిని లాగేసుకుంటాయి, పైన పరిస్తే ఆ బాధ పెద్దగా ఉండదు. చెట్టు మొదలు చుట్టూ మాత్రం జానెడు ఖాళీ వదలాలి.

ఎవరైనా ట్రక్కెడు కంపోస్టు విరాళమిస్తామంటే వెంటనే ఊ అనకండి. కొన్ని కలుపుమందులు పశువుల పేడ గుండా వచ్చి కంపోస్టులో కూడా మిగిలిపోతాయి. కుండీల్లో చిక్కుడు గింజలు వేసి మూడు వారాలు చూస్తాం, ఆకులు మెలితిరిగితే ఆ సరుకు వెనక్కే.

బడ్జెట్‌లో మొదటి పద్దు మట్టిలో సీసం పరీక్ష. రెండోది కుళాయి కనెక్షను, అందరూ మరిచేది ఇదే. నాటిన మొదటి రెండు వేసవులూ నీళ్ళు లేకపోతే మిగతా ఖర్చంతా వృథా. వాననీటి లెక్క బోర్డు మీద రాయండి: 50 చదరపు మీటర్ల కప్పు మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే 1000 లీటర్లు, పోయింది పోగా 800 అనుకోవచ్చు.

సమన్వయం:
సరే అన్నా, నేల ముక్క అడుగుతాను. అభ్యంతరాలకి కూడా ఒక బల్ల వేద్దాం. రాలిన పళ్ళకి ఎలుకలొస్తాయంటారు, పొదల చాటున ఎవరుంటారో అంటారు. రెండూ న్యాయమైనవే. కాపు కాలంలో వారానికి రెండుసార్లు ఏరేవాళ్ళ జాబితా, దారి పక్కన మీటరుకి మించని పొదలు ప్లానులోనే చూపిస్తే సగంమంది అక్కడే సంతకం పెడతారు.

నిధుల బృందం:
ఆ ఏరేవాళ్ళ జాబితా గ్రాంటు దరఖాస్తుకీ జతచేస్తాం. గ్రాంట్లు ఎక్కువగా కట్టడానికే ఇస్తారు, నిలబెట్టడానికి ఇవ్వరు. నీటి బిల్లు, బీమా, విరిగిన పనిముట్లు నెలనెలా చిన్న మొత్తాలు ఇచ్చేవాళ్ళ మీదే నడవాలి. కార్డులో "నెలకి" గడి ముందు, "ఒకసారి" గడి తర్వాత. ఖాతాలవారు సైన్-ఇన్ షీటు నమూనా శుక్రవారంలోగా ఇక్కడ పెట్టండి.