చోక్ తీయగానే ఆగిపోతున్న బండి: ముందు ఏం మార్చాలి?

బెంగళూరు. 2012 మోడల్ 350 సీసీ బైక్, పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే కార్బ్యురేటర్ ఉన్న బండి. ఆసక్తి పోయి 14 నెలలు బేస్‌మెంట్‌లో కవర్ కింద వదిలేశాను. ఇప్పుడు మళ్లీ ఆదివారాలు నంది హిల్స్ వెళ్లాలని మనసు లాగుతోంది, బండి మాత్రం సహకరించడం లేదు.

చోక్ (చల్లటి ఇంజిన్‌కి పెట్రోల్ పాళ్లు పెంచే మీట) వేస్తే రెండో కిక్‌కే స్టార్ట్ అవుతుంది. పది నిమిషాలు వేడెక్కాక కూడా చోక్ తీస్తే మూడు నాలుగు సెకన్లలో ఆగిపోతుంది. యాక్సిలరేటర్ పట్టుకుంటే బాగానే నడుస్తుంది, వదిలితే సైలెన్సర్‌లో టప్ టప్ శబ్దం.

పాత పెట్రోల్ మొత్తం తీసేసి కొత్తది పోశాను. కొత్త ప్లగ్ వేశాను, అదీ తెల్లబడుతోంది, అంటే గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువ అందుతున్నట్టు. ఎయిర్ ఫిల్టర్ మార్చాను. బ్యాటరీ 12.6 వోల్టులు. ఫ్లోట్ బౌల్ (కార్బ్యురేటర్ కింద పెట్రోల్ నిలిచే గిన్నె) అడుగున జిగురులా పేరుకున్నది కడిగి, యాక్సిలరేటర్ వదిలినప్పుడు పెట్రోల్ అందించే పైలట్ జెట్‌లో క్లీనర్ కొట్టాను. వెలుతురుకి పెడితే రంధ్రం కనిపిస్తోంది. మ్యానిఫోల్డ్ రబ్బరు చుట్టూ క్లీనర్ కొట్టినా ఇంజిన్ వేగం మారలేదు, కాబట్టి గాలి లీకు ఉన్నట్టు లేదు. పెట్రోల్-గాలి పాళ్లు సరిచేసే మిక్స్చర్ స్క్రూ రెండున్నర చుట్ల నుంచి మూడున్నర దాకా తిప్పినా తేడా సున్నా. నా అనుమానమంతా దీని మీదే: బాడీ లోపలి సన్న దారులు మూసుకుపోయి ఉండాలి.

ఇలాంటి బండిని బాగుచేసినవాళ్లు చెప్పండి: ముందు కొత్త పైలట్ జెట్ వేసి చూడాలా, నేరుగా కార్బ్యురేటర్ బాడీకి అల్ట్రాసోనిక్ క్లీనింగ్ (ద్రవంలో ముంచి ధ్వని తరంగాలతో శుభ్రం చేయడం) చేయించాలా?